పరిశోధకుల పత్రాల జాబితాను ఎలా చదవాలి?

ప్రాథమిక వైద్యంలో దీర్ఘకాలిక వ్యాధులపై పనిచేసే పరిశోధకుల పత్రాల జాబితా చేతికి రాగానే ఎంపిక సంఘాలు మొదట వెతికేది అంకెల కోసం. మొత్తం పత్రాలెన్ని, సైటేషన్లెన్ని (అంటే ఇతరులు తమ పత్రాల్లో వాటిని ఎన్నిసార్లు ఉదహరించారు), హెచ్-ఇండెక్స్ ఎంత అన్నదానితోనే సగం నిర్ణయం అయిపోతుంది. 2005లో హిర్ష్ అనే భౌతికశాస్త్రవేత్త ప్రతిపాదించిన ఈ సూచిక లెక్క చాలా తేలిక. కనీసం 20 సైటేషన్ల చొప్పున వచ్చిన పత్రాలు 20 ఉంటే సూచిక 20. ఆ తేలికదనం వల్లే అది అన్ని శాస్త్రాలకూ పాకింది. రక్తపోటు, మధుమేహం వంటి జీవితాంతం వెంట ఉండే జబ్బులపై చేసే పనిని మాత్రం ఆ ఒక్క తూకంరాయితో తూచడం అన్యాయం. ఇక్కడ కొన్ని ప్రశ్నలకు జవాబు రావడానికే రెండు దశాబ్దాలు పడుతుంది.

బ్రిటన్‌లో టైప్ 2 మధుమేహంపై జరిగిన యూకేపీడీఎస్ అధ్యయనమే అందుకు సాక్ష్యం. కొత్తగా మధుమేహం బయటపడిన 5,102 మందితో 1977లో మొదలైన ఆ పని, చక్కెరను గట్టిగా అదుపు చేస్తే కళ్లు, మూత్రపిండాలు వంటి అవయవాల్లోని సూక్ష్మ రక్తనాళాలకు కలిగే హాని తగ్గుతుందని 1998లో గానీ తేల్చి చెప్పలేకపోయింది.

వేల్స్‌లోని గ్లింకోరగ్ అనే బొగ్గుగనుల ఊరిలో 1961 నుంచి వైద్యం చేసిన జూలియన్ ట్యూడర్ హార్ట్ ఉదాహరణను ఇంకాస్త దగ్గరగా చూడాలి. దాదాపు 2 వేల మంది ఉన్న ఆ ఊళ్లో, జబ్బని వచ్చినవారికే పరిమితం కాకుండా, పెద్దవారందరికీ రక్తపోటు కొలవాలని ఆయన పూనుకున్నారు. దగ్గుకో నడుంనొప్పికో వచ్చిన మనిషికి కూడా చేతికి పట్టీ చుట్టి చూసి, ఆ అంకెను అతని రికార్డులో రాసిపెట్టేవారు. రానివారిని వెతికి పట్టుకునేవారు. వైద్యం ఎవరికి ఎక్కువ అవసరమో వారికే అది తక్కువగా దొరుకుతుందన్న ఆయన ప్రసిద్ధ వ్యాసం 1971లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. పాతికేళ్ల ఫలితాలను చెప్పే పత్రం 1991లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వెలువడింది. రక్తపోటు ఎక్కువగా ఉన్నవారిలో ఆ పోటూ, పొగతాగే అలవాటూ తగ్గాయని, పొరుగు ఊరికంటే అక్కడ మరణాలు తక్కువని అందులో ఉంది. అంత పని జాబితాలో ఒకే ఒక్క వరుసగా కనిపిస్తుంది. ఒకే సమాచారాన్ని ముక్కలు చేసి ఆరు పత్రాలు అచ్చువేసుకున్నవారికి ఆరు వరుసలు దక్కుతాయి.

సైటేషన్లలో మరో అసమానత కూడా దాగి ఉంది. కెర్ వైట్ అనే వైద్యుడు, ఆయన సహచరులు 1961లో వేసిన లెక్క ప్రకారం ఒక నెలలో ప్రతి 1,000 మంది పెద్దవారిలో 750 మందికి ఏదో ఒక అనారోగ్యం కలిగితే 250 మంది డాక్టరును కలుస్తారు, 9 మంది ఆసుపత్రిలో చేరతారు, పెద్ద బోధనాసుపత్రి దాకా వెళ్లేది ఒక్కరే. నిపుణుల పత్రికల్లో ఎక్కువ చోటు ఆ ఒక్కరి జబ్బుకే దక్కుతుంది. ఒకే అవయవంపై పనిచేసే ప్రత్యేక విభాగాల్లో పరిశోధకులు ఎక్కువ కాబట్టి ఒకరి పత్రాన్ని ఒకరు ఉదహరించుకోవడమూ ఎక్కువే. మిగిలిన 249 మందిని చూసే డాక్టరు రాసిన పత్రాన్ని ఉదహరించడానికి ఆ రంగంలో అంతమంది ఉండరు.

ఆ డాక్టరు ముందుకు వచ్చేవారికి ఒకే జబ్బు ఉండడం అరుదు. ఐదు దీర్ఘకాలిక సమస్యలున్న 79 ఏళ్ల మహిళను ఊహించుకుని, ఒక్కో జబ్బు మార్గదర్శకాన్నీ తూచా తప్పకుండా పాటిస్తే ఏమవుతుందో 2005లో ఒక అమెరికన్ బృందం లెక్కగట్టింది. ఆమె 12 రకాల మందులు వాడాల్సి వస్తుందని తేలింది. విడిగా చూస్తే మాత్రం ఒక్కో మార్గదర్శకమూ సరైనదే. స్కాట్లాండ్‌లో 17.5 లక్షల మంది రికార్డులను పరిశీలించి 2012లో లాన్సెట్‌లో అచ్చయిన అధ్యయనం, పేద ప్రాంతాలవారిని ఇలాంటి బహుళ వ్యాధులు 10–15 ఏళ్లు ముందే చుట్టుముడతాయని చూపింది. ట్యూడర్ హార్ట్ 1971లో లేవనెత్తిన ప్రశ్నే నాలుగు దశాబ్దాల తర్వాత కొత్త చేతుల్లో ఇలా ముందుకు సాగింది.

పత్రిక ఇంపాక్ట్ ఫ్యాక్టర్‌ను, అంటే అందులోని పత్రాలకు సగటున వచ్చే సైటేషన్ల అంకెను, వ్యక్తి ప్రతిభకు కొలతగా వాడొద్దని పరిశోధనను అంచనా వేసే తీరుపై వచ్చిన 2012 నాటి శాన్‌ఫ్రాన్సిస్కో డిక్లరేషన్ కోరింది. అంతకంటే కష్టమైన పని పత్రాలను నిజంగా చదవడం, దానికి సమయం కేటాయించాలి. అభ్యర్థి తానే ఎంచుకున్న మూడు పత్రాలను సంఘం సభ్యులు మొదటి నుంచి చివరిదాకా చదివితే, ఒక ప్రశ్న పదేళ్లపాటు వదలకుండా నడిచిందో లేదో తెలిసిపోతుంది. పనిచేయని చికిత్సను పనిచేయలేదని అచ్చువేసే ధైర్యం ఉందా, సమాచారం సేకరించిన నర్సుల పేర్లు రచయితల్లో ఉన్నాయా అన్నది కూడా కనబడుతుంది. నేనైతే ముందుగా మొదటి పత్రంలో చేరిన రోగుల్లో ఎందరు చివరి పత్రం దాకా లెక్కలో ఉన్నారో, మధ్యలో తప్పుకున్నవారు ఎందుకు తప్పుకున్నారో రాసిన పట్టిక కోసం వెతుకుతాను.