'స్వల్పం' అని తేల్చేది ఎవరు?

ఫ్యాక్టరీయో ప్లాంటో పెట్టేముందు దానివల్ల చుట్టుపక్కల ఏం జరుగుతుందో రాసే పర్యావరణ ప్రభావ అంచనా రిపోర్టు ఏదైనా ఒకటి తెరిచి, అందులో ప్రభావాల టేబుల్ చూడండి. ఎడమ పక్క దుమ్ము, శబ్దం, భూగర్భ జలం, చేపలు అని వరసగా ఉంటాయి, వాటి ఎదురుగా గడుల్లో 'స్వల్పం', 'తాత్కాలికం', 'ప్రాజెక్టు హద్దుల వరకే' అని ఉంటుంది. గాల్లో దుమ్ము ఎంతో మిషన్ చెప్తుంది, నీళ్ళు ఎంత లోతులో ఉన్నాయో బావిలో తాడు వేస్తే తెలుస్తుంది, కానీ 'స్వల్పం' అన్న మాట ఏ మిషనూ చెప్పదు, అది రిపోర్టు రాసే కన్సల్టెంటు ఇచ్చే తీర్పు, ఆ మనిషికి ఫీజు కట్టేదేమో ప్రాజెక్టు పెట్టే కంపెనీయే. నా గొడవంతా ఆ ఒక్క గడి గురించే.

1971లో అమెరికా జియలాజికల్ సర్వే తరఫున లూనా లియోపోల్డ్ బృందం ఒక పట్టిక తయారుచేసింది. ఒక వైపు 100 పనులు, ఇంకో వైపు 88 పర్యావరణ అంశాలు, మొత్తం 8800 గడులు. ప్రభావం ఉన్న గడిలో ఏటవాలుగా ఒక గీత గీసి, అది ఎంత పెద్దదో పైన, ఎంత ముఖ్యమో కింద, రెండు మార్కులు విడివిడిగా వెయ్యాలి. పెద్దదా చిన్నదా అనేది కొలిచి చెప్పొచ్చు, ముఖ్యమా కాదా అనేది మాత్రం దానిమీద బతికేవాడు చెప్పాలి. మన రిపోర్టుల్లో ఈ రెండిటినీ కలిపేసి ఒక్క మాటతో సరిపెడుతున్నారు.

శ్రీకాకుళం జిల్లా సోంపేటలో జరిగింది ఇదే. బీల అనే చిత్తడి నేల నీళ్ళతో పొలాలు తడుపుకుంటూ, చేపలు పట్టుకుంటూ, పశువులు మేపుకుంటూ ఊళ్ళకి ఊళ్ళు బతుకుతుంటే కాగితాల్లో అది పనికిరాని భూమి, అక్కడ 2640 మెగావాట్ల థర్మల్ ప్లాంటు పెట్టొచ్చన్నారు. 2010 జులై 14న పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి, అదే రోజు, పర్యావరణ అనుమతుల మీద అప్పీళ్ళు వినే జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఆ ప్లాంటుకి ఇచ్చిన పర్యావరణ అనుమతి కొట్టేసింది. భూమే పనికిరానిది అని ముందే రాసేసుకున్నాక దానిమీద ఏం పడినా స్వల్పమే కదా! పైగా చాలా రిపోర్టులకి వానాకాలం వదిలేసి ఒక్క సీజన్ డేటా తీసుకుంటే చాలు. నీటి నేలని వాన లేనప్పుడు చూసి ఏం తెలుసుకుంటారు?

నిపుణులకి వదిలెయ్యకపోతే ప్రతి ప్రాజెక్టూ ఆవేశాలతో ఆగిపోతుంది అంటారు. కొలతలు నిపుణులే తియ్యాలి, నేనూ ఒప్పుకుంటాను, కానీ చెరువు నాకెంత ముఖ్యమో చెప్పడానికి ఏ డిగ్రీ కావాలి?

అసలు రోగం ఇంకా పాతది, మన రెవెన్యూ రికార్డుల్లోనే ఉంది. బ్రిటిష్ వాళ్ళకి శిస్తు రాని నేలంతా పోరంబోకు, బంజరు. చెరువు, పశువుల మంద నిలిచే మందబయలు, శ్మశానం, బండ్ల బాట అన్నీ ఆ ఖాతాలోకే పోయాయి. ఈరోజుకీ ఫ్యాక్టరీకి స్థలం కావాలంటే ముందు వెతికేది ఆ ఖాతానే, అంటే కన్సల్టెంటు ఊళ్ళో అడుగు పెట్టకముందే ముఖ్యం అన్న కాలమ్‌లో సున్నా పడిపోయి ఉంటుంది.

ఆ కాలమ్ గ్రామసభలో నింపాలి, రిపోర్టు మొత్తం తెలుగులో ఇచ్చి, వానాకాలం కూడా చూసాక. ఇప్పుడు రూల్ ప్రకారం తెలుగులో ఇవ్వాల్సింది సారాంశం ఒక్కటే, ఆ టేబుల్ ఏమో ఇంగ్లీషు వాల్యూమ్‌లో ఉండిపోతుంది.