బీజం వేయని బూజు

గాయం నుంచి తీసిన కణజాలాన్ని సూక్ష్మజీవులను పెంచే కల్చర్ ప్లేటు మీద ఉంచితే కొద్ది రోజుల్లోనే దూది లాంటి తెల్లటి బూజు ప్లేటంతా కమ్ముకుంటుంది. కొంచెం గీరి, నీలి రంగు వేసి మైక్రోస్కోపు కింద చూస్తే పోగులే తప్ప మరేమీ ఉండవు. బూజు జాతిని పోల్చుకునేది విత్తనాల్లాంటి సిద్ధబీజాలను, వాటిని మోసే తిత్తులను చూసి. అవి లేనప్పుడు కొందరు 'సిద్ధబీజాలు లేని బూజు' అని రాసి సరిపెడతారు. ఇంకొందరు గాలిలోంచి వచ్చి పడిందనుకుని ప్లేటునే పారేస్తారు. నాకు పేచీ ఈ రెండో అలవాటుతోనే.

సక్సేనియా వాసిఫార్మిస్ ఇలాంటి మొండిఘటం. శాస్త్రవేత్త ఎస్.బి. సక్సేనా దాన్ని భారతదేశపు మట్టిలో కనుగొని 1953లో వర్ణించారు. తిత్తి అచ్చం కూజాలా ఉంటుంది కాబట్టి ఆ పేరు. అది మనిషికి జబ్బు చేస్తుందని తెలిసింది 1976లో. దాని తోటిది అపోఫిసోమైసెస్. 1979లో వర్ణించిన ఈ బూజు కూడా మట్టిలోదే. రెండింటిదీ ఒకటే తత్వం: పోషకాలు దండిగా ఉన్న ప్లేటు మీద ఏపుగా పెరుగుతాయి, బీజం మాత్రం వేయవు. 1988లో పరిశోధకులు పాధ్యే, అజెల్లో చెప్పిన కిటుకు వాటిని పస్తు పెట్టడమే. ప్లేటులో బూజు పట్టిన అగర్ (జెల్లీ లాంటి పదార్థం) ముక్కను కోసి, ఈస్టు సారం నామమాత్రంగా కలిపిన శుద్ధజలంలో వేసి, 37 డిగ్రీల వేడిలో ఉంచాలి. పది పన్నెండు రోజులకు కూజాలు బయటపడతాయి. ఖరీదైన యంత్రం అక్కర్లేదు, ఓపిక కావాలి.

అంతవరకు రోగి ఆగలేడన్నది నిజమే. అయితే చికిత్సకు జాతి పేరు దాకా వెళ్లనక్కర్లేదు. తొలిరోజే, కణజాలాన్ని కరిగించి పోగులను బయటపెట్టే పొటాషియం హైడ్రాక్సైడ్ స్లైడులో వెడల్పాటి, అడ్డుగోడలు దాదాపు లేని పోగులు కనిపిస్తే ఈ రెండు బూజులూ చెందిన మ్యూకర్ వర్గమని అనుమానించి, బూజును చంపే ఆంఫోటెరిసిన్-బి మందు, శస్త్రచికిత్స మొదలుపెట్టవచ్చు. మరో బూజు మందు వొరికొనజోల్ ఇక్కడ పనిచేయదు. వేరే బూజులను పట్టే గెలాక్టోమానన్ రక్తపరీక్ష కూడా ఈ వర్గాన్ని పట్టుకోలేదు. కణజాలాన్ని మెత్తగా నూరితే ఈ పెళుసు పోగులు చచ్చిపోయి కల్చరే రాకపోవచ్చు, సన్నగా తరగాలి.

మరి జాతి పేరెందుకు? 2011 మే 22న అమెరికాలోని జోప్లిన్‌ను టోర్నడో తుడిచిపెట్టాక, గాయపడినవారిలో 13 మందికి ఈ వర్గపు బూజు సోకింది, ఐదుగురు మరణించారు. డీఎన్ఏ పరీక్షలో తేలింది అపోఫిసోమైసెస్ ట్రాపెజిఫార్మిస్. పేరు తేలాకే అది ఒకే జాతి బూజు పని అని రూఢి అయింది. ప్రోటీన్ల ఆధారంగా నిమిషాల్లో గుర్తించే మాల్డి-టాఫ్ యంత్రం ఇప్పుడు ఉంది కదా అంటారు. తన జాబితాలో లేని బూజును అదీ పోల్చుకోలేదు.

అసలు చిక్కు ప్రయోగశాలకు ముందే మొదలవుతుంది. నమూనాతో వచ్చే కాగితంలో చాలాసార్లు 'చీము, కల్చర్' అని మాత్రమే ఉంటుంది. 'గాయంలో మట్టి' అన్న రెండు మాటలు అందులో ఉంటే, ఆ తెల్లటి ప్లేటును పారేసే ముందు ఎవరైనా ఒకసారి ఆగుతారు.