పిల్లల మీద ప్రేమ ఉంటే ట్రైనింగ్ ఎందుకన్న మెసేజ్‌కు నా జవాబు

పదిహేను రోజులుగా మా జిల్లాలో యువతతో పనిచేసేవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒకే మెసేజ్ తిరుగుతోంది. అనంతపురంలోని మా ఒక్క గ్రూపులోకే నాలుగుసార్లు వచ్చింది. క్లుప్తంగా అందులో ఉన్నది ఇదీ: 'యువత కార్యక్రమాలు నడిపే ఫెసిలిటేటర్లకు ఏటేటా ట్రైనింగులు దండగ. పిల్లల మీద ప్రేమ, నాలుగు మాటలు చెప్పే నేర్పు ఉంటే చాలు. పాతకాలంలో ఏ ట్రైనింగులు ఉండేవి? ఒకసారి నేర్చుకున్నాక మిగిలింది అనుభవమే నేర్పుతుంది. ఆ డబ్బేదో పిల్లలకే పెట్టండి. పర్సనల్ డెవలప్‌మెంట్ అంటే సేవ పేరు చెప్పి సొంతం చూసుకోవడమే. అంతా నేర్పించినా చివరికి బెంగళూరు వెళ్లిపోతారు.'

దీన్ని పంపినవాళ్లలో నాకు తెలిసినవాళ్లున్నారు. మంచివాళ్లు, పిల్లలంటే ప్రాణం పెట్టేవాళ్లు. అందుకే నాకు భయం. ఈ మాటలు నమ్మి ఏ సంస్థ అయినా వచ్చే ఏడాది బడ్జెట్‌లో శిక్షణ పద్దు కొట్టేస్తే, నష్టపోయేది ఫెసిలిటేటర్లు కాదు, వాళ్ల ముందు చాప మీద కూర్చునే పిల్లలు. కాబట్టి ఒక్కో మాటే తీసుకుంటాను.

'ప్రేమ ఉంటే చాలు.'

నేను ఈ పనిలోకి వచ్చింది 2011లో. మొదటి ఏడాది కళ్యాణదుర్గం వైపు ఒక ఊళ్లో హైస్కూలు పిల్లలతో వారానికోసారి కూర్చునేదాన్ని. ఒకరోజు 'మీకు బాగా ఇష్టమైన మనిషికి ఉత్తరం రాయండి, తర్వాత అందరం చదువుకుందాం' అన్నాను. ఎవరో చేయిస్తుంటే చూసి నేర్చుకున్న యాక్టివిటీ అది. తొమ్మిదో తరగతి పిల్లాడొకడు 'నాన్నకు' అని రాసి ఆగిపోయాడు. కాగితాన్ని సగానికి మడిచాడు. మళ్లీ సగానికి. ఇక మడతపడనంత చిన్నదయ్యేదాకా మడుస్తూనే ఉన్నాడు. వేసిన మూడు బోర్లూ ఎండిపోయి, అప్పు తీర్చే దారి లేక వాళ్ల నాన్న ఆ వేసవిలోనే ప్రాణం తీసుకున్నాడని నాకు తెలీదు. తెలుసుకోవాలని కూడా తోచలేదు. వాడి వంతు వచ్చినప్పుడు 'చదువు నాన్నా' అన్నాను. వాడు తల వంచుకున్నాడు. పక్కవాడు సంగతి చెప్పాడు. నేను లేచి వాడి భుజం మీద చెయ్యేసి, అందరి ముందూ, 'మగపిల్లాడివి, అమ్మకు నువ్వే ధైర్యం చెప్పాలి' అన్నాను. తర్వాతి వారం వాడు రాలేదు. ఆ పై వారమూ రాలేదు. మళ్లీ ఎప్పుడూ రాలేదు.

ఆరోజు నా దగ్గర ప్రేమకు లోటు లేదు. బస్సులో ఇంటికి వస్తూ దారంతా ఏడ్చాను. నాకు లేనివి మూడు చిన్న విషయాలు. ఇలాంటి పని పెట్టేముందు పిల్లల ఇళ్లలో ఏం జరిగిందో క్లాసు టీచర్‌నో అంగన్‌వాడీ అక్కనో అడిగి తెలుసుకోవడం. 'ఇష్టం లేకపోతే చదవక్కర్లేదు, పాస్ అంటే చాలు, ఎందుకని ఎవరూ అడగరు' అని మొదలుపెట్టేటప్పుడే చెప్పడం. ఏ పిల్లకైనా పిల్లాడికైనా ఏడుపొస్తే నీతులు చెప్పకుండా పక్కన కూర్చోవడం. ఈ మూడూ నేను రెండేళ్ల తర్వాత ఒక శిక్షణలో నేర్చుకున్నాను. అరగంట పని. ఆ అరగంట ముందే దొరికి ఉంటే ఆ పిల్లాడు మా గుంపులోనే ఉండేవాడని ఇప్పటికీ అనుకుంటాను.

ఇక పాతకాలం సంగతి. స్కౌట్ ఉద్యమం 1907లో మొదలైంది. పిల్లల్ని నడిపించే పెద్దల కోసమే ప్రత్యేకంగా 'ఉడ్ బ్యాడ్జ్' శిక్షణ 1919లో లండన్ శివార్లలోని గిల్‌వెల్ పార్కులో మొదలైంది. అంటే ఉత్సాహం ఒక్కటే సరిపోదన్న సంగతి నూరేళ్ల కిందటే, పన్నెండేళ్ల పనిలోనే వాళ్లకు తెలిసివచ్చింది. ట్రైనింగ్ మొన్న మొన్న పుట్టిన ఫ్యాషన్ కాదు.

'ఒకసారి నేర్చుకుంటే చాలు, మిగిలింది అనుభవం నేర్పుతుంది.'

మెసేజ్‌లో ఎక్కువమంది తలూపిన మాట ఇదే. నేను గట్టిగా కాదనేదీ దీన్నే.

2011లో మాకు ఇచ్చిన మొదటి శిక్షణలో 'పిల్లలు నమ్మి చెప్పిన రహస్యం ఎట్టి పరిస్థితిలోనూ బయటపెట్టకూడదు' అని నేర్పారు. నేను నోట్‌బుక్‌లో రాసుకుని గీత కూడా గీశాను. 2012 నవంబరు 14న పోక్సో చట్టం అమల్లోకి వచ్చింది. బిడ్డ మీద లైంగిక నేరం జరిగిందని తెలిసినవాళ్లు ఎవరైనా సరే పోలీసులకు చెప్పి తీరాలని దాని 19వ సెక్షన్ అంటుంది. చెప్పకపోతే ఆరు నెలల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ అని 21వ సెక్షన్ అంటుంది. ఇప్పుడు ఒక పదమూడేళ్ల పిల్ల మీ పక్కన చేరి 'అక్కా, ఎవరికీ చెప్పనని ఒట్టెయ్యి, అప్పుడు చెప్తా' అందనుకోండి. నా పాత నోట్‌బుక్ ప్రకారం ఒట్టేయాలి. ఒట్టేస్తే రెండే దారులు: చట్టాన్ని మీరడం, లేదా ఆ పిల్లకిచ్చిన మాట తప్పడం. తర్వాతి శిక్షణలో మాకు నేర్పిన జవాబు వేరు. 'ఒట్టు వేయలేను కన్నా. నీకు ప్రమాదముంటే నేను కొందరికి చెప్పాల్సివస్తుంది. కానీ నీకు తెలియకుండా ఏదీ చెయ్యను, చివరిదాకా నీ పక్కనే ఉంటాను.' ఈ మూడు వాక్యాలు తడబడకుండా అనడానికి నేను పదిసార్లు సాధన చేశాను. మా సహచరి ఒకామె పిల్లగా నటించింది, నేను నేనుగా. మొదటి మూడుసార్లూ నోట మాట రాలేదు. దీన్ని అనుభవం నేర్పుతుందనేవాళ్లను ఒకటే అడుగుతాను: ఆ అనుభవం ఏ పిల్ల జీవితం మీద సంపాదించాలి?

మారింది ఆ ఒక్క చట్టమే కాదు. 2016 వికలాంగుల హక్కుల చట్టం వైకల్యాల జాబితాను 7 నుంచి 21కి పెంచింది. చదవడంలో, రాయడంలో కష్టపడే పిల్లల సమస్య కూడా అందులో చేరింది. మనం ఏళ్ల తరబడి 'బద్ధకం' అని ముద్రేసిన పిల్లల్లో ఇలాంటివాళ్లుంటారు. ఆత్మహత్యకు ప్రయత్నించినవాళ్లు తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, శిక్షించకూడదని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెప్పింది. అయినా ఊళ్లలో 'పోలీసు కేసవుతుంది, ఎవరికీ చెప్పొద్దు' అని బిడ్డను ఇంట్లో దాచే తల్లిదండ్రులు ఇంకా ఉన్నారు. వాళ్లకు నిజం చెప్పాల్సిన ఫెసిలిటేటర్‌కే తెలియకపోతే? 2022 అక్టోబరులో టెలీ మానస్ మొదలైంది, 14416కు ఫోన్ చేస్తే డబ్బు లేకుండా మానసిక సలహా దొరుకుతుంది. ఇంకా, మేం మొదలుపెట్టినప్పుడు పిల్లల చేతుల్లో ఫోన్లు లేవు. ఇప్పుడు ఏ తండాకు వెళ్లినా రీల్స్, లోన్ యాప్‌లు, బెట్టింగ్. మన రాష్ట్రం ఆన్‌లైన్ రమ్మీ, పోకర్లను 2020లో నిషేధించినా, డబ్బు పోగొట్టుకుని ఇంట్లో చెప్పలేక టెన్షన్ పడే కుర్రాళ్లు నాకు తగులుతూనే ఉన్నారు. వాళ్లతో ఎలా మాట్లాడాలో 2011లో ఎవరు నేర్పగలిగేవారు?

ఇక అనుభవం. దాని మీద నాకు గౌరవముంది. కానీ తప్పు చూపించేవాళ్లు లేకపోతే అనుభవం తప్పునే గట్టిపరుస్తుంది. వైద్యుల మీద వచ్చిన అరవై దాకా అధ్యయనాలను కలిపి చూసిన సమీక్ష ఒకటి 2005లో అమెరికాలో ప్రచురితమైంది. ప్రాక్టీసు ఏళ్లు పెరిగేకొద్దీ వైద్యం నాణ్యత పెరుగుతుందనుకుంటాం. సగానికి పైగా అధ్యయనాల్లో తగ్గింది. అంత చదువు చదివిన డాక్టర్ల సంగతే అది.

నా సంగతీ చెప్తాను. ఏడేళ్ల అనుభవం వచ్చాక, నేను సెషన్ నడుపుతుంటే మా సహోద్యోగి వెనక చాప మీద నోట్‌బుక్ పట్టుకుని కూర్చుంది. మా నియమం ఒకటే: అభిప్రాయం రాయకూడదు, కళ్లకు కనబడింది, చెవులకు వినబడింది మాత్రమే రాయాలి. సెషన్ అయ్యాక వేపచెట్టు కింద కూర్చుని నాకు చదివి వినిపించింది. నలభై నిమిషాల సెషన్‌లో ముప్పై నిమిషాలు నేనే మాట్లాడాను. పదకొండు ప్రశ్నలు అడిగాను, తొమ్మిదింటికి జవాబు నేనే చెప్పేశాను. కుర్రాళ్ల వైపు తిరిగి అడిగినవి ఎనిమిది, ఆడపిల్లల వైపు మూడు. నేను పిల్లల చేత మాట్లాడించే మనిషినని అప్పటిదాకా నా నమ్మకం.

అమెరికాలో మేరీ బడ్ రో అనే విద్యా పరిశోధకురాలు 1970లలో క్లాసుల రికార్డింగులు విని, టీచర్లు ప్రశ్న అడిగాక సగటున ఒక్క సెకనే ఆగుతున్నారని గమనించింది. మూడు సెకన్లు ఆగేలా చేస్తే పిల్లల జవాబులు పొడవయ్యాయి, మౌనంగా ఉండిపోవడం తగ్గింది. అప్పటినుంచి ప్రశ్న అడిగి మనసులో మూడు లెక్కపెట్టుకుంటున్నాను. మొదట్లో ఆ మూడు సెకన్లు ఎంత బరువుగా ఉంటాయో చేసినవాళ్లకే తెలుసు. రెండో నెలలో, అంతకుముందు ఎప్పుడూ నోరు తెరవని ఒక పిల్ల మూడో సెకనులో 'నేను చెప్పనా అక్కా' అంది.

'ఆ డబ్బు పిల్లలకే పెట్టండి.'

ఈ మాటలో కొంత నిజముంది, ఒప్పుకుంటాను. హోటల్ హాలు, వేదిక మీద బ్యానర్, పొద్దున రిజిస్టర్‌లో సంతకం, మధ్యాహ్నం భోజనం, ఆపకుండా స్లైడ్లు, సాయంత్రం గ్రూప్ ఫొటో, సర్టిఫికెట్. ఇలాంటివి నేనూ హాజరైనవున్నాయి, వారం తర్వాత ఒక్క ముక్క గుర్తులేదు. వాటిని ఆపేయమని మెసేజ్ అడిగి ఉంటే నేనే ముందు ఫార్వర్డ్ చేసేదాన్ని. కానీ కల్తీ నూనె అమ్మారని వంటే మానేస్తామా?

మా తొమ్మిది మంది చేస్తున్నది చూడండి. నెలలో రెండు పూటలు. ఒక పూట ఒకరు సెషన్ నడుపుతారు, ఇంకొకరు వెనక కూర్చుంటారు. రెండో పూట అందరం కలిసి, ఆ నెలలో ఎవరికి ఎక్కడ కాళ్లాడలేదో దాన్నే మళ్లీ నటించి చూస్తాం. ఏడాదికి రెండుసార్లు చట్టం గురించి లాయరునో, మానసిక ఆరోగ్యం గురించి డాక్టరునో పిలుస్తాం. ఖర్చు బస్సు ఛార్జీలు, మధ్యాహ్నం అన్నం. మాలో ఒక్కొక్కరి చేతిలో మూడు ఊళ్లు, ఊరికి పాతికమంది. ఒక మనిషి తప్పు ఒకటి దిద్దుకుంటే డెబ్బై ఐదుమంది పిల్లలకు తేడా తెలుస్తుంది. అది పిల్లలకు పెట్టిన ఖర్చు కాదా?

'పర్సనల్ డెవలప్‌మెంట్ అంటే సొంతం చూసుకోవడమే.'

వెనక కూర్చున్న ఆ సహోద్యోగి నోట్‌బుక్‌లో ఇంకో వాక్యముంది: 'చాపలు దులపమని ఆడపిల్లలకు చెప్పింది, స్పీకర్ తగిలించమని కుర్రాళ్లకు చెప్పింది.' ఆరోజు సెషన్ దేని గురించో తెలుసా? ఆడామగా సమానత్వం. ఆ మాట నా నోటినుంచి అలవాటుగా వచ్చింది, మా అమ్మ నోటినుంచి నాకు వచ్చినట్టే. నాలోని దాన్ని నేను చూసుకోకుండా పిల్లలకు ఏం నేర్పుతాను? కులం సంగతీ అంతే. ఎవరింట్లో మంచినీళ్లు తాగుతున్నాం, ఎవరింట్లో 'వద్దులేమ్మా' అంటున్నాం అనేది పిల్లలు చూస్తూనే ఉంటారు.

రోజూ ఇతరుల బాధలు వినేవాళ్లు అలసిపోతారు. చాలాకాలం సర్దుబాటు కాని పని ఒత్తిడివల్ల వచ్చే బర్నౌట్‌ను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఐసీడీ-11 అనే తన వ్యాధులు, ఆరోగ్య సమస్యల జాబితాలో పనికి సంబంధించిన సమస్యగా చేర్చింది. మా ఊరి మాటల్లో చెప్పాలంటే, పగలంతా ఊరి పిల్లల కష్టాలు విని, చివరి బస్సుకు ఇల్లు చేరి, అన్నం అడిగిన సొంత బిడ్డ మీద అరిచేసే స్థితి. నేనూ అక్కడికి వెళ్లొచ్చాను. ఆ నెల నా సెషన్లన్నిట్లోనూ నాకు చిరాకే ఉంది, పిల్లలకది తెలిసిపోయింది. ఎవరితో చెప్పుకోవాలో, ఎప్పుడు సెలవడగాలో నేర్చుకోవడం నా సొంత లాభమే అనుకున్నా, ఫలితం తగిలింది పిల్లలకే.

మా బృందంలో ఒకతను రాయదుర్గం సరిహద్దు ఊళ్ల కోసం కన్నడం నేర్చుకున్నాడు. ఇంకొకామె తండాల్లో పనిచేస్తూ అక్కడి ముసలమ్మల దగ్గరే లంబాడీ మాటలు నేర్చుకుంటోంది. ఇదీ పర్సనల్ డెవలప్‌మెంటే.

'నేర్పించినా బెంగళూరు వెళ్లిపోతారు.'

వెళ్తారు. మా దగ్గరనుంచి వెళ్లినవాళ్లలో ఒక్కరూ శిక్షణ వల్ల వెళ్లలేదు, నాలుగు నెలలు గౌరవ వేతనం రాక వెళ్లారు. దాని గురించి ఎవరైనా మెసేజ్ రాస్తే బాగుండు.

వచ్చే రెండో శనివారం మధ్యాహ్నం మూడింటికి కళ్యాణదుర్గం వైపు ఊళ్లో నా సెషన్ ఉంది. మెసేజ్ పంపినవాళ్లలో ఎవరైనా రావచ్చు, బస్టాండులో నేను కలుస్తాను. వెనక చాప మీద కూర్చుని, నేనెన్ని ప్రశ్నలడిగానో, ఎన్నింటికి ఆగానో రాయండి. నోట్‌బుక్, పెన్ను నేనిస్తాను. సెషన్ అయ్యాక వేపచెట్టు కింద చదివి వినిపించండి.