ఏనుగు తలకు సింహం మెడ చాలదు

ఒక జంతువు తలను మరో జంతువు మొండేనికి అతికించిన ఫొటోషాప్ బొమ్మలు ఇన్‌స్టాగ్రామ్ నుంచి జాతర ఫ్లెక్సీల దాకా ఎక్కడ చూసినా కనిపిస్తున్నాయి. వాటిలో ఎక్కువ భాగం చూసిన మరుక్షణమే అతుకు బయటపడిపోతుంది. అందుకు సాఫ్ట్‌వేర్‌ను తప్పుపట్టి లాభం లేదు. చేసినవాళ్లకు లేయర్ మాస్క్ (బొమ్మలో ఏ భాగం కనిపించాలో, ఏది దాగాలో తేల్చే పనిముట్టు) తెలుసు, జంతువు తెలియదు.

గజకేసరినే తీసుకోండి. ఏనుగు తల, సింహం మొండెం. కర్ణాటక రాజముద్రలో గండభేరుండానికి (రెండు తలల పక్షి) రెండు పక్కలా నిలబడేది ఇదే. దీన్ని ఫొటోలతో చేయబోతే మొదట అడ్డొచ్చేది మెడ. ఏనుగు తల బరువైనది, మెడ పొట్టిది. నోరు నేలకు అందదు కాబట్టే తొండంతో పని. సింహం మెడ సన్నగా ముందుకు సాగి, తల ఇంచుమించు వీపు ఎత్తులోనే ఉంటుంది. దాని మీద ఏనుగు తలను అలాగే పెడితే ఇప్పుడో ఇంకాసేపటికో ఊడిపడేలా ఉంటుంది. కాబట్టి మాస్క్ ముట్టుకోకముందే సింహం భుజాలను వార్ప్‌తో (బొమ్మను సాగదీసి వంచే పనిముట్టు) పైకి లేపాలి, మెడను కుదించి లావు చేయాలి, ముంగాళ్లను కాస్త ఎడం చేయాలి. బొమ్మకు పిన్నులు గుచ్చి వంచే పప్పెట్ వార్ప్‌లో ఆ పిన్నులు కీళ్ల మీదే గుచ్చాలి: భుజం, మోచేయి, మణికట్టు. సింహం ముంగాలిలో మనం మోకాలు అనుకునేది నిజానికి మణికట్టు. ఇది తెలియక ఎముక నడిమధ్యన పిన్ను గుచ్చి లాగితే కాలు రబ్బరు గొట్టంలా వంగిపోతుంది.

తర్వాత తోలు, జూలు కలిసే చోటు. మెత్తటి అంచున్న పెద్ద బ్రష్‌తో మాస్క్ మీద రాస్తే రెండూ సగం సగం పారదర్శకమైపోయి మధ్యలో పొగ పట్టినట్టుంటుంది. మూడు వేల పిక్సెళ్ల వెడల్పున్న బొమ్మకైతే 2 నుంచి 4 పిక్సెళ్ల గట్టి బ్రష్ తీసుకుని, జూలు వాలిన దిక్కుకే ఒక్కో వెంట్రుకా గీయాలి. ఏనుగు వైపు పలచగా మొదలుపెట్టి సింహం వైపు ఒత్తుగా చేసుకుంటూ పోవాలి. ఇంకా మంచి దారి ఒకటుంది. ఆసియా ఏనుగు గున్నల నెత్తి మీద ముతక వెంట్రుకలు బాగా కనిపిస్తాయి. ఆ ముక్కను అతుకు దగ్గర వాడితే నున్నటి తోలు నుంచి జూలుకు వంతెన దానంతటదే దొరుకుతుంది.

వెలుగు విషయంలో మాత్రం రాజీ ఉండదు. మిట్టమధ్యాహ్నం తీసిన ఏనుగును, సాయంత్రపు పక్కవెలుగులో తీసిన సింహాన్ని వెలుగునీడలు మార్చే ఏ కర్వ్స్ సర్దుబాటూ కలపలేదు. దగ్గరి నుంచి వైడ్ లెన్స్‌తో తీసిన తొండం ఉబ్బిపోతుంది, దూరం నుంచి 400 ఎంఎం లెన్స్‌తో తీసిన మొండెం చదునుగా వస్తుంది. ఇలాంటి జతను పక్కన పడేసి వేరే ఫొటో వెతుక్కోవడమే మేలు. జత కుదిరాక అన్నిటికన్నా పైన ఒక బ్లాక్ అండ్ వైట్ అడ్జస్ట్‌మెంట్ లేయర్ పెట్టి ముందు వెలుగునీడలు సరిచేయాలి, రంగు సంగతి ఆ తర్వాత. సింహం ఛాతీ మీద తొండం నీడ పడాలన్నది దాదాపు అందరూ మరిచిపోతారు. కింది బొమ్మను ముదురు చేసే మల్టిప్లై లేయర్‌లో, తొండం తగిలే చోట పదునుగా, దూరమయ్యేకొద్దీ మసకగా వేయాలి.

ఇదంతా ఎందుకు, ఒక వాక్యం టైపు చేస్తే ఏఐ క్షణాల్లో గజకేసరిని ఇస్తుంది కదా అంటారు. ఇస్తుంది. 2023లో ఫొటోషాప్‌లోకి వచ్చిన జెనరేటివ్ ఫిల్ అనే ఏఐ పనిముట్టు వెనకాల గడ్డి నింపడానికి నిజంగానే పనికొస్తుంది. కానీ అది ఇచ్చిన భుజం తప్పని గుర్తుపట్టడానికి కూడా భుజం తెలిసిన కన్నే కావాలి.

ఆ కన్ను మన శిల్పులకు ఉండేది. తమిళనాడులో 12వ శతాబ్దపు దారాసురం ఐరావతేశ్వరాలయంలో ఎద్దుకూ ఏనుగుకూ కలిపి ఒకే తల చెక్కారు. ఒక మొండేన్ని చేత్తో మూస్తే ఏనుగు, రెండోదాన్ని మూస్తే ఎద్దు. రెండు తలల్లోనూ ఉమ్మడిగా ఉన్న గీతను పట్టుకున్నాడు గనకే ఆ శిల్పికి అతుకు దాచే అవసరం రాలేదు. ఒడియా మహాభారతంలో సరళాదాసు వర్ణించిన నవగుంజరానికి కోడి తల, నెమలి మెడ, ఎద్దు మూపురం, సింహం నడుము, పాము తోక. గుడ్డ మీద బొమ్మలు వేసే ఒడిశా పటచిత్రకారులు ఈనాటికీ దాన్ని ఒకే ప్రాణిగా నిలబెడుతున్నారంటే, ఏ అవయవం ఎక్కడ బరువు మోస్తుందో వాళ్ల చేతికి తెలుసు.

మన బడుల్లో డ్రాయింగ్ పీరియడ్ పరీక్షలు దగ్గరపడగానే లెక్కల పీరియడ్ అయిపోతుంది. ఆ పిల్లలే పెద్దయ్యాక డీటీపీ, మల్టీమీడియా కోర్సుల్లో చేరతారు. అక్కడ నేర్పేది మెనూలు, షార్ట్‌కట్లు. పెన్సిల్ పట్టించే సంస్థ అరుదు. ఫీజు కట్టిన విద్యార్థికి ఇది అన్యాయం. మెనూలు వెర్షన్ మారితే మారతాయి, మోచేయి మారదు.

ఈ కోర్సులు నడిపే సంస్థలకు ఒక మాట: మొదటి నెల కంప్యూటర్ ముట్టనివ్వకండి. హైదరాబాద్, విశాఖ, తిరుపతి మూడు చోట్లా జూ పార్కులున్నాయి. నడిచే జంతువును పది గీతల్లో పట్టే సాధన అక్కడ చేయించండి. రాజేంద్రనగర్, గన్నవరం, తిరుపతి పశువైద్య కళాశాలలను అడిగి, అనాటమీ విభాగంలో ఎముకల గూడు ముందు పిల్లల్ని ఒక పూట కూర్చోబెట్టండి. లేయర్ మాస్క్ రెండో నెలలో నేర్పవచ్చు. దానికి ఒక్క మధ్యాహ్నం చాలు.