గిన్నె ఎందుకు తిప్పుతారు?

ఆ మధ్య హైదరాబాదులో జపాన్ తేనీటి వేడుకను పరిచయం చేస్తామంటే ఉత్సాహంగా వెళ్లాను. తాగే ముందు గిన్నెను చేతిలో ఎందుకు తిప్పాలని అడిగితే, నిర్వాహకురాలు 'శక్తి ప్రసరణ కోసం' అని సెలవిచ్చారు. నా కోపమంతా ఆ జవాబు మీదే.

అసలు సంగతి ఎంతో సాదాసీదాది. గిన్నెకు చూడముచ్చటైన ముఖం ఒకటి ఉంటుంది. ఆతిథ్యమిచ్చేవారు ఆ ముఖాన్ని అతిథి వైపు ఉంచి అందిస్తారు. అంత అందమైన చోట తన పెదవి ఆనించడం తగదని అతిథి దాన్ని కాస్త పక్కకు తిప్పి తాగుతాడు. ఇందులో ఉన్నది ఇద్దరు మనుషుల మధ్య మర్యాద. దాన్ని ధ్యానమనీ మనశ్శాంతి అనీ అమ్ముకోవడం మొదలయ్యాక అవతలి మనిషి మాయమై, కళ్లు మూసుకున్న మనమొక్కరమే మిగిలాం.

జపనీయులు దీన్ని 'చానోయు' అంటారు. మాటకు మాటగా చెబితే టీ కోసం కాచిన వేడినీళ్లు. దానికి నేటి రూపం తెచ్చినవారిలో ముఖ్యుడైన సెన్ నో రిక్యూ (1522–1591) సన్యాసుల మఠంలో కాదు, సకాయ్ అనే రేవుపట్టణంలో వర్తకుల ఇంట పుట్టాడు. బొగ్గులు నీళ్లు మరిగేలా పేర్చాలి, పూలు పొలంలో ఉన్నట్టే అమర్చాలి, వేసవిలో చల్లదనం చలికాలంలో వెచ్చదనం తోచాలి, వాన లేకున్నా గొడుగు సిద్ధంగా ఉంచాలి: ఆయన చెప్పినవిగా పేరుపడ్డ ఏడు సూత్రాలు ఇలాంటివే. ఇవన్నీ నాకు తెలిసినవేనని ఒకడు పెదవి విరిస్తే, 'చేసి చూపించు, నేనే నీకు శిష్యుణ్ణవుతాను' అన్నాడని ఒక కథ. పెళ్లి వంటల దగ్గర నిలబడ్డ పెద్దవాళ్లెవరైనా ఈ మాటే అంటారు.

క్యోటో దగ్గరి యమజాకిలో ఆయన కట్టించాడని చెప్పే తాయాన్ అనే గది నేటికీ ఉంది. టీ వేసేది, తాగేది రెండు తతామి చాపల చోటులోనే. ఇలాంటి గదులకు ద్వారం దాదాపు రెండడుగులే ఉంటుంది కనుక, ఎంతటి సేనాని అయినా కత్తిని బయటి కొయ్యమీద పెట్టి, తల వంచి, మోకాళ్ల మీద పాకి లోపలికి రావలసిందే. వినయం మీద ఉపన్యాసం దంచడం కన్నా తలుపు చిన్నది చేయడం మేలని తోచిన బుర్రకు నా నమస్కారం.

అలాగని దీన్ని ఆకాశానికెత్తడం లేదు. రిక్యూ వంశం నుంచి వచ్చిన మూడు ప్రధాన శాఖలలో మెట్టుమెట్టుకూ అనుమతిపత్రం ఉంటుంది, దానికి రుసుమూ ఉంటుంది. లోపలి సమానత్వం గడప దాటి బయటికి వచ్చిందీ లేదు. తనకు టీ నేర్పిన ఆ రిక్యూనే, 1591లో, కడుపు కోసుకొని చావమని అప్పట్లో జపాన్‌ను ఏలుతున్న సేనాని హిదెయోషి ఆజ్ఞాపించాడు.