కార్బన్ సరిహద్దు పన్ను గారికి, బొబ్బిలి నుంచి విన్నపం

మహారాజశ్రీ ఐరోపా కార్బన్ సరిహద్దు పన్ను గారి సముఖమునకు, ఉక్కులో కలిపే మిశ్రమ లోహాలు కాచే బొబ్బిలి ఫెర్రో అల్లాయ్స్ ఫ్యాక్టరీలో లెక్కలు రాసుకునే గుమాస్తా నమస్కరించి రాసుకునే విన్నపం. ఉభయకుశలోపరి అనడం ఆనవాయితీ. మా కుశలం ఎలాగూ మీ చేతిలోనే ఉంది కనుక మీ కుశలం మాత్రమే కోరుతున్నాను.

సరుకు తయారీలో ఎంత కార్బన్ పొగ వదిలారో లెక్కగట్టి, ఐరోపాలో దిగే ఆ సరుకు మీద పడే పన్ను కదా తమరు. 2023 అక్టోబరులో మీరు తొలిసారి వచ్చినప్పుడు పైసా అడగలేదు. పెళ్లిచూపుల్లో కట్నం మాటెత్తకుండా పొలమెంత, బంగారమెంత అని మాత్రం ఆరా తీసే వియ్యంకుడిలా, టన్ను లోహానికి కోక్ బొగ్గు ఎంత పోశారు, ఫర్నేసులోకి కరెంటు పంపే ఎలక్ట్రోడ్ల కార్బన్ పేస్టు ఎంత కాలింది అని అడిగారు. అన్నీ రాసి పంపాం. అసలు పన్నుకు 2026 జనవరి 1న ముహూర్తం పెట్టారు. ఎవరైనా లెక్క చెప్పకపోతే మీరే ఒక అంకె వేసుకుని, దాని మీద ఇంకొంత కలుపుతారట. ఎంత ముందుచూపు!

పన్ను కట్టేది మా దిగుమతిదారే, మీకేమిటి నొప్పి అని మీవాళ్లు అంటారు. నిజమే. మా పొగ లెక్కకు సరిపడా మీ సర్టిఫికెట్లు కొనేది ఆయనే. ఆ ఖర్చు మా ధరలో తగ్గించమని బేరమాడేదీ ఆయనే.

మీ పన్ను పడే సరుకుల జాబితా చదివితే ముచ్చటేస్తుంది. అందులో ఫెర్రో మాంగనీసు ఉంది, సిలికో మాంగనీసు లేదు. రెండింటికీ అదే మాంగనీసు ఖనిజం, అదే కోక్, అదే రకం ఫర్నేసు. పలుగురాయి ఎక్కువ వేసి సిలికాన్ ఎక్కేలా కాస్తే పుణ్యం, లేకపోతే పాపం. పైగా ఇనుము, ఉక్కు వరుసలో మీరు ఫ్యాక్టరీ నుంచి నేరుగా వచ్చే పొగనే లెక్కిస్తారు. మా ఫర్నేసుకు ప్రాణమే కరెంటు. ఆ కరెంటు పుట్టించిన బొగ్గు పొగను మాత్రం పన్నులో కలపరు. మర్యాద కొద్దీ వదిలేశారనుకుంటాను, గుర్తు చేసినట్టు మీ రికార్డులో రాయకండి.

మీ పుట్టుకకు కారణం లేదనను. మీ ఫ్యాక్టరీలు 2005 నుంచి, వదిలే పొగకు పర్మిట్లు చూపాల్సిన కార్బన్ వ్యాపారం లెక్కల్లో నలుగుతుంటే, అదే సరుకు పొగ ఖర్చు లేకుండా బయటి నుంచి దిగితే వాళ్లు ఊరుకోరు. సొంత దేశంలో కార్బన్‌కు ధర కట్టి ఉంటే ఆ మేరకు తగ్గిస్తామనీ అన్నారు. అది న్యాయమైన మాట. మా ప్రభుత్వం కూడా 2023లోనే కార్బన్ క్రెడిట్ల వ్యాపార పథకాన్ని నోటిఫై చేసింది. సదస్సుకొకసారి మిమ్మల్ని తిట్టిపోసే మా పెద్దలు, ఆ ధరేదో ఇక్కడే గట్టిగా వసూలు చేసి మా ఫర్నేసుల బాగుకే ఖర్చు పెడితే మీకు చిల్లర కూడా మిగలదు. తిట్టడం తేలిక, అందుకే ముందు అది పూర్తి చేస్తున్నారు.

కానీ వసూలైన సొమ్ము పోయేది ఐరోపా ఖజానాలకే. 1992లో రియోలో అందరూ కూర్చుని, బాధ్యత ఉమ్మడిదే అయినా ఎవరి వాటా వారిది అని ఒప్పుకున్నారు. ఆ కాగితం మీ దాకా వచ్చిందా?

అందుకని మా పక్క శ్రీకాకుళం జిల్లా తరఫున నేనూ ఒక దరఖాస్తు తయారు చేశాను. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి ఉద్దానంలో కొబ్బరి, జీడి, పనస చెట్లను వేళ్లతో సహా పెకలించింది. ఒక్క తుపానును ఫలానా దేశం పొగ ఖాతాలో వేయలేం, ఒప్పుకుంటాను. సముద్రం వేడెక్కితే తుపాన్లకు బలం పెరుగుతుందని మాత్రం మీ శాస్త్రజ్ఞులే చెబుతున్నారు. దరఖాస్తులో గళ్లు కొన్నే: మీ మొదటి పొగగొట్టం లేచిన సంవత్సరం, అప్పటి నుంచి కాల్చిన బొగ్గు ఎన్ని టన్నులు, కొత్తగా నాటిన కొబ్బరి మొక్క కాపుకొచ్చేదాకా రైతు ఏం తినాలి.

గడువులోగా పూరించకపోతే మా అంకె మేమే వేసుకుంటాం, మీ పద్ధతిలోనే పైన కొంత కలిపి. ధ్రువీకరణ అధికారి సంతకం తప్పనిసరి. ఆయన రానుపోను ఖర్చులు మీవే.

చిత్తగించవలెను.

ఇట్లు,
మీ జాబితాకెక్కిన గుమాస్తా,
బొబ్బిలి, విజయనగరం జిల్లా