"రీసెర్చ్‌కి టిష్యూ అడిగితే ఇవ్వొద్దు" అనే ఫార్వర్డ్ గురించి

ఈ మెసేజ్ మీకూ వచ్చే ఉంటుంది. పిల్లలకి బ్రెయిన్ ట్యూమర్ వస్తే ఆస్పత్రివాళ్ళు రీసెర్చ్‌కి టిష్యూ (తీసిన ట్యూమర్ ముక్క) అడుగుతారు ఇవ్వకండి, దానికోసం ఎక్కువ కోస్తారు, ఇచ్చినా ఒరిగేదేం లేదు, ట్రయల్ అంటే పిల్లల మీద ప్రయోగమే, రీసెర్చ్‌కి సాయం చెయ్యడం డబ్బున్నోళ్ళ పని అని. అసలే భయంలో ఉన్న అమ్మానాన్నలకి దీన్ని పంపుతున్నారు చూడండి, అదీ నా కోపం.

"ఎక్కువ కోస్తారు": ట్యూమర్ ఎంతవరకు తియ్యాలి అన్నది సర్జన్ పిల్లాడి సేఫ్టీ చూసుకుని తేలుస్తారు. రీసెర్చ్‌కి వెళ్ళేది మామూలుగా పెథాలజీ టెస్టులకి పోగా మిగిలిన ముక్క. అదనంగా ఏమైనా తీసేటట్టయితే కన్సెంట్ ఫారంలో విడిగా చెప్పాలి, కనబడకపోతే మొహమాటం లేకుండా అడగండి. ఇవ్వం అన్నా సరే, దానివల్ల ట్రీట్‌మెంట్ తగ్గించకూడదు. ఇవ్వాలనుకుంటే మాత్రం సర్జరీకి ముందే చెప్పాలి, ఎందుకంటే కొన్ని పరీక్షలకి తీసిన వెంటనే ఫ్రీజ్ చేసిన టిష్యూ కావాలి, ల్యాబ్‌లో కణాలు పెంచాలంటే బతికున్న కణాలే కావాలి, ఫార్మలిన్‌లో (ముక్క పాడవకుండా వేసే రసాయనం) వేసేశాక ఆ దారి మూసుకుపోయినట్టే.

"ఒరిగేదేం లేదు": ఇక్కడే అసలు గొడవ. డీఐపీజీ అని బ్రెయిన్ స్టెమ్‌లో వచ్చే ట్యూమర్ ఉంది, ఆపరేషన్ చేసి తీసెయ్యడం కుదరదు, దశాబ్దాలపాటు చాలాచోట్ల బయాప్సీ (చిన్న ముక్క తీసి చూడటం) కూడా చెయ్యకుండా ఎంఆర్ఐ చూసే రోగం తేల్చేవాళ్ళు, దాంతో సైంటిస్టుల చేతిలో టిష్యూనే లేదు, టిష్యూ లేకపోతే ఏ మందు దేనిమీద పరీక్షిస్తారు చెప్పండి. పిల్లలు చనిపోయాక కొన్ని కుటుంబాలు ఇచ్చిన టిష్యూ, మెల్లగా మొదలైన బయాప్సీలు, ఈ రెండిటి పుణ్యమా అని 2012లో హెచ్3 కే27ఎం అనే జన్యు మార్పు బయటపడింది, డీఐపీజీల్లో దాదాపు 80 శాతంలో అదే. అలా ఇచ్చిన టిష్యూ నుంచి పెంచిన కణాల మీదే జీడీ2 అనే గుర్తు (కణం పైన ఉండే పదార్థం) ఎక్కువగా ఉందని స్టాన్‌ఫర్డ్‌లో మిషెల్ మోంజే టీమ్ చూసింది, ఇప్పుడు కార్-టీ కణాలతో (పేషెంట్ రోగనిరోధక కణాలనే ట్యూమర్ మీద దాడి చేసేలా ల్యాబ్‌లో మార్చినవి) ట్రయల్స్ నడుస్తున్నది దాన్ని పట్టుకునే. ఆ హెచ్3 కే27ఎం మార్పు ఉన్న మిడ్‌లైన్ గ్లయోమా (మెదడు, వెన్నుపాము మధ్యభాగాల్లో వచ్చే ట్యూమర్) తిరగబెడితే వాడటానికి డోర్డావిప్రోన్ అనే మందుకి 2025 ఆగస్టులో అమెరికా ఎఫ్‌డీఏ (మందులకి అనుమతిచ్చే సంస్థ) యాక్సిలరేటెడ్ అనుమతి, అంటే తొలి ఫలితాలు చూసి త్వరగా ఇచ్చేది, ఇచ్చింది. ఇది నయం చేసే మందేం కాదు, లెక్కలోకి తీసుకున్న 50 మంది పేషెంట్లలో 22 శాతం మందికే ట్యూమర్ తగ్గింది. కానీ అంతకుముందు దీనికంటూ అనుమతి ఉన్న మందే లేదు.

చనిపోయాక ఇవ్వమని అడగడం క్రూరత్వం అని కూడా రాశారు. ఎవరి మనసు వాళ్ళది, వద్దంటే వద్దే. కాకపోతే టిష్యూ కొన్ని గంటల్లో తియ్యాల్సి ఉంటుంది కాబట్టి డాక్టర్ ఆ మాట ముందే ఎత్తితే అది ఆశ వదిలేసినట్టు కాదు.

"ట్రయల్ అంటే ప్రయోగమే": ఇందులో సగం నిజం ఉంది. ఫేజ్ 1లో చూసేది ముఖ్యంగా డోసు, సేఫ్టీ, మీ పిల్లకి లాభం ఉంటుందని ఎవరూ మాటివ్వలేరు, ఇస్తే నమ్మకండి. ఫేజ్ 3 వేరు, అక్కడ ఇప్పుడున్న ట్రీట్‌మెంట్‌తో కొత్తదాన్ని పోల్చి చూస్తారు, అంతేగానీ ఉన్న ట్రీట్‌మెంట్ ఆపేసి పిల్లాడికి ఉత్త చక్కెర బిళ్ళ ఇచ్చి కూర్చోబెట్టరు. ఎథిక్స్ కమిటీ ఒప్పుకోవాలి, ఊహ తెలిసిన పిల్లలైతే వాళ్ళనీ అడగాలి, మధ్యలో ఎప్పుడైనా మానేయొచ్చు.

"డబ్బున్నోళ్ళ పని": డబ్బే ఉండాలనేం లేదు. అమెరికాలో గాబ్రియెల్లా మిల్లర్ అనే పదేళ్ళ పాప బ్రెయిన్ ట్యూమర్‌తోనే రీసెర్చ్ కోసం గొంతెత్తి 2013లో చనిపోయింది, మరుసటేడు ఆమె పేరు మీద వచ్చిన చట్టం రాజకీయ పార్టీల మహాసభలకి పోయే 12.6 కోట్ల డాలర్లని పదేళ్ళపాటు పిల్లల రీసెర్చ్‌కి మళ్ళించింది. అంత చెయ్యలేకపోయినా పర్లేదు, రేడియేషన్ అయిన పిల్లల్లో జ్ఞాపకశక్తి, వినికిడి, హార్మోన్ల తేడాలు ముందు కనిపెట్టేది ఇంట్లోవాళ్ళే, ఫాలో-అప్‌లు మానకుండా వెళ్ళి డాక్టర్లిచ్చే ప్రశ్నలకి ఓపిగ్గా జవాబులు రాస్తే అది కూడా రీసెర్చ్ డేటానే.